జర్మనీలో అద్దె ఇల్లు: మూడు సైట్లు, ఒక కాగితం

జర్మనీకి ఉద్యోగం మీదో చదువు మీదో వచ్చే తెలుగువాళ్లు ఇంటికోసం ముందుగా తెరిచే సైట్లు మూడు: ఇమ్మోస్కౌట్24, వేగే-గెజూఖ్ట్, క్లైన్‌అన్‌త్సైగెన్. ఏది మంచిదని అడిగితే చాలామంది అద్దెలూ ఫొటోలూ చూసి చెప్పేస్తారు. కొత్తగా దిగినవాళ్లకు ఆ కొలత పనికిరాదు. వాళ్లు చూసుకోవాల్సింది ఒక్కటే, ఆ ఇంటి చిరునామా మీద ఆన్‌మెల్డుంగ్ అవుతుందా లేదా. ఈ సమీక్షలో మూడు సైట్లనూ ఆ లెక్కతోనే తూచాం.

ఆన్‌మెల్డుంగ్ అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. దానికి పాస్‌పోర్టు, నింపిన ఫారంతో పాటు ఇంటి యజమాని సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ కావాలి. పేరు ఇంత పొడుగున్నా అది ఒక్క పేజీ కాగితమే: యజమాని పేరు, ఇంటి చిరునామా, దిగిన తేదీ, దిగినవాళ్ల పేర్లు. అద్దె కాంట్రాక్టు చూపిస్తే సరిపోతుందనుకుని వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. కాంట్రాక్టు ఈ కాగితానికి బదులు కాదు. ఈ కాగితం ఇవ్వడం యజమాని దయ కూడా కాదు, చట్టం ప్రకారం ఇచ్చి తీరాలి.

మిగతా పనులన్నీ దీని వెనకే నడుస్తాయి. నమోదైన చిరునామాకే టాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది కంపెనీ చేతికి చేరకపోతే జీతంలో పన్ను ఆరో తరగతి కింద, అంటే అన్నిటికంటే ఎక్కువగా కోసే ప్రమాదం ఉంది. ఆ డబ్బు తర్వాత తిరిగొచ్చినా, డిపాజిట్ కట్టాల్సిన నెలలోనే చేతిలో ఉండదు. రెసిడెన్స్ పర్మిట్‌కు ఏ ఆఫీసుకు వెళ్లాలో తేల్చేది కూడా ఆ చిరునామాయే. కాబట్టి కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన రోజే ఆన్‌మెల్డుంగ్ అపాయింట్‌మెంట్ బుక్ చేయండి, ఇంట్లో దిగేదాకా ఆగకండి. బెర్లిన్‌లో మీ పేటలోనే కాదు, నగరంలోని ఏ బ్యుర్గర్‌ఆమ్ట్ (నమోదు చేసే ఊరి ఆఫీసు)లోనైనా చేయించుకోవచ్చు. రెండు వారాల్లోపు తేదీ దొరక్కపోతే బుకింగ్ కన్ఫర్మేషన్ దాచుకోండి, ప్రయత్నం చేశామనడానికి అదే రుజువు.

ఇమ్మోస్కౌట్24

కుటుంబంతో వచ్చేవాళ్లకూ, ఒక్కరే విడిగా ఇల్లు తీసుకుని రెండు మూడేళ్లు ఉందామనుకునేవాళ్లకూ అసలు సైటు ఇదే. ఇందులో ఎక్కువగా కనిపించేవి ఏజెంట్లూ హౌసింగ్ కంపెనీలూ పెట్టే మామూలు ఇళ్లు, నిరవధిక కాంట్రాక్టు మీద ఇచ్చేవి. అలాంటి ఇంటికి ఆన్‌మెల్డుంగ్ కాగితం కీలతో పాటే చేతికొస్తుంది. మన కొలత మీద మొదటి స్థానం దీనిదే.

అద్దె అంకెలు చదవడం ముందు నేర్చుకోవాలి. కాల్ట్‌మీటె అంటే గోడలకు ఇచ్చే అద్దె. దానికి నేబెన్‌కోస్టెన్ కలుస్తాయి: నీళ్లు, చెత్త, మెట్లు కడగడం, బిల్డింగ్ ఇన్సూరెన్స్, ఎక్కువ ఇళ్లలో హీటింగ్. రెండూ కలిపితే వార్మ్‌మీటె, నెలనెలా మీరు పంపే మొత్తం. కరెంటు, ఇంటర్నెట్ దాదాపు ఎప్పుడూ వేరే. 800 కాల్ట్‌మీటెకు 150 నేబెన్‌కోస్టెన్ కలిపితే 950 వార్మ్‌మీటె. డిపాజిట్‌కు చట్టం పెట్టిన హద్దు మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే ఈ ఇంటికి 2,400 యూరోలు. మూడు 950ల లెక్కన 2,850 అడిగితే అది తప్పు.

హీటింగ్‌తో కలిపి నేబెన్‌కోస్టెన్ మరీ తక్కువగా కనిపిస్తే సంతోషించకండి. చదరపు మీటరుకు రెండున్నర నుంచి మూడు యూరోలు మామూలు. 60 మీటర్ల ఇంటికి 80 యూరోలే అని రాశారంటే హీటింగ్ అందులో లేకపోవచ్చు, లేదా అడ్వాన్స్ తగ్గించి చూపించి ఉండవచ్చు. అది అడ్వాన్స్ మాత్రమే. ఏడాది చివర లెక్క చేసి మిగతాది కట్టమంటారు, ఆ కాగితం వచ్చే నెలలో చాలా ఇళ్లలో బడ్జెట్ తలకిందులవుతుంది. లెక్క కాలం ముగిశాక 12 నెలల్లోపు యజమాని ఆ బిల్లు పంపాలి. గడువు దాటితే, ఆలస్యం తన తప్పువల్ల కాదని చూపించగలిగితే తప్ప, అదనంగా అడగడానికి వీల్లేదు.

గదుల లెక్క మనకు కొత్త. రెండు త్సిమ్మర్ల ఇల్లంటే హాలు ఒకటి, బెడ్‌రూం ఒకటి. వంటగది, బాత్రూం లెక్కలోకి రావు. మన టూ బీహెచ్‌కే కావాలంటే మూడు త్సిమ్మర్లని వెతకాలి.

శీర్షికలో టౌష్‌వోనుంగ్ అని ఉంటే వదిలేయండి, బదులుగా ఇవ్వడానికి ఇప్పటికే ఇల్లున్నవాళ్ల కోసం అది. డబ్ల్యూబీఎస్ కావాలని ఉంటే అది తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే సర్టిఫికెట్, అది లేకుండా రాసినా లాభం లేదు. బెర్లిన్, మ్యూనిక్‌లలో ఈ రెండూ తీసేస్తే జాబితా బాగా చిక్కిపోతుంది.

డబ్బు కట్టి తీసుకునే మెంబర్‌షిప్ తీసుకోవాలా? పెద్ద నగరంలో వెతుకుతున్నంతకాలం తీసుకోవడం మేలు. మంచి ఇంటి ప్రకటన కొన్ని గంటలకే మూసేస్తారు, ముందు రాసినవాళ్ల ఉత్తరాలే చదువుతారు. లైప్‌జిగ్ పక్కనో కెమ్నిట్స్‌లోనో వెతికేవాళ్లకు ఉచిత ఖాతాయే చాలు. ఆటోమేటిక్ రెన్యువల్ గురించి మాత్రం జాగ్రత్త. 2022 మార్చి తర్వాతి కాంట్రాక్టులైతే మొదటి గడువు అయ్యాక ఒక నెల నోటీసుతో ఆపేయవచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకున్నదాన్ని ఆన్‌లైన్‌లోనే ఆపే బటన్ ఉండాలని అదే ఏడాది జూలై నుంచి చట్టం. ఇల్లు దొరికిన రోజే ఆ బటన్ నొక్కండి.

మెంబర్‌షిప్ ఎంత తొందరగా మెసేజ్ పంపించినా, వెనక ఫైలు లేకపోతే వృథా. మెసేజ్ ఆరు లైన్లు దాటకూడదు: ఎంతమంది, ఏ కంపెనీ, నెలకు చేతికొచ్చే జీతం, కాంట్రాక్టు పర్మనెంటా కాదా, ఎప్పుడు దిగగలరు, పొగ తాగరు, పెంపుడు జంతువులు లేవు. జర్మన్‌లోనే రాయండి. ప్రకటనలో పేరుంటే ఫ్రౌ, హెర్ అని పెట్టి ఆ పేరుతోనే మొదలుపెట్టండి. ఫైలు అంతా ఒకే పీడీఎఫ్‌గా ఉండాలి: పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ కాంట్రాక్టు, చివరి మూడు జీతం స్లిప్పులు, పాత యజమాని నుంచి అద్దె బాకీ లేదన్న కాగితం, షూఫా (అప్పులూ బిల్లులూ సరిగ్గా కడుతున్నారో లేదో చూపించే రిపోర్టు). అప్పుడే దిగినవాళ్లకు స్లిప్పులూ ఉండవు, షూఫాలో చరిత్రా ఉండదు. దాన్ని దాచకుండా మెసేజ్‌లోనే చెప్పండి. వాటి బదులు హెచ్‌ఆర్ ఇచ్చే జీతం లెటరు, ఇండియాలోని బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. వార్మ్‌మీటె చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటితే చాలామంది యజమానులు ఫైలు పక్కన పెట్టేస్తారు. ఏడాదికి 60,000 గ్రాస్ ఉన్న ఒంటరి ఉద్యోగికి నెలకు 3,100 నుంచి 3,200 చేతికొస్తాయి, కాబట్టి 1,050 దాటిన ఇళ్లకు రాస్తూ రోజులు పోగొట్టుకోకండి.

యజమాని నింపమనే ఫారంలో జీతం, ఉద్యోగం అడగవచ్చు. మతం, గర్భం, పిల్లల్ని కనే ఆలోచన అడిగే హక్కు లేదు. ఏజెంటు ఇల్లు చూపించడానికి ఫీజు అడిగినా ఇవ్వక్కర్లేదు. 2015 జూన్ నుంచి ఏజెంటును ఎవరు పెట్టుకుంటే వాళ్లే కమిషన్ కట్టాలి.

వేగే-గెజూఖ్ట్

వేగే అంటే ఇల్లు పంచుకుని ఉండటం. విద్యార్థులకూ, ఒంటరిగా వచ్చి మొదటి మూడు నెలలు తల దాచుకోవాలనుకునేవాళ్లకూ ఈ సైటు బాగా ఉపయోగపడుతుంది, ఖర్చూ లేదు. అయితే మన కొలత మీద ఇది తడబడుతుంది. ఇందులో చాలా గదులు త్స్విషెన్‌మీటె, అంటే ఉన్నవాళ్లు రెండు మూడు నెలలు ఊరు వెళ్తూ తమ గది ఇంకొకరికి ఇవ్వడం. అలా ఇచ్చే మనిషికి అసలు యజమాని అనుమతి లేకపోతే ఆన్‌మెల్డుంగ్ కాగితం ఇవ్వడానికి జంకుతారు. మొదటి మెసేజ్‌లోనే ‘ఆన్‌మెల్డుంగ్ మ్యోగ్లిఖ్?’ (నమోదు వీలవుతుందా?) అని అడగండి. ‘చూద్దాం’ అన్న జవాబు వస్తే కాదన్నట్టే లెక్క.

కాదన్నవాళ్ల గదిలో దిగి, నమోదు కోసం ఇంకెవరిదో చిరునామా కొనుక్కోవడం అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో వినిపిస్తుంటుంది. దయచేసి ఆ దారి తొక్కకండి. నివసించని చిరునామా మీద నమోదు చేయించడం చట్టవిరుద్ధం. చిరునామా ఇచ్చినవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు. మీ వీసా ఫైలులో అబద్ధపు చిరునామా ఉండటం అంతకంటే పెద్ద చిక్కు.

ఈ సైటులో ప్రకటన ఆసాంతం చదవాలి. కొందరు మధ్యలో ఒక మాట దాచి, మెసేజ్‌లో ఆ మాట రాసినవాళ్లకే జవాబిస్తారు. త్స్వెక్-వేగే అంటే ఎవరి గది వాళ్లది, కలిసి తిరగడం ఉండదు. వంట విషయం ముందే మాట్లాడుకోండి. ఎండుమిర్చి తాలింపు ఘాటు ఆ ఇంట్లోవాళ్లకు అలవాటుండదు, దిగాక వచ్చే గొడవ కంటే ముందు వచ్చే ‘వద్దు’ నయం. విద్యార్థులు అడ్మిషన్ లెటరు చేతికి రాగానే ష్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి చూసే సంస్థ) హాస్టల్‌కూ దరఖాస్తు పెట్టేయాలి, వరస చాలా పెద్దది.

మోసాలు ఏ సైటులోనైనా ఒకే రూపంలో వస్తాయి. యజమాని వేరే దేశంలో ఉంటాడు. ఇల్లు అందంగా ఉంటుంది, అద్దె ఆ పేటలో అందరికంటే తక్కువ. డిపాజిట్ పంపితే కీలు కొరియర్లో వస్తాయంటాడు, నమ్మించడానికి తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపుతాడు. ఆ పాస్‌పోర్టు అంతకు ముందు మోసపోయిన ఇంకొకరిది కావచ్చు. ఇల్లు చూడకుండా, కాంట్రాక్టు మీద సంతకం కాకుండా ఒక్క యూరో కూడా పంపకండి. హైదరాబాద్ నుంచే ఖరారు చేసుకోవాల్సి వస్తే ఆ ఊళ్లో తెలిసినవాళ్లను ఒకసారి గుమ్మం దాకా పంపండి. మీ పాస్‌పోర్టు కాపీ మీద ఎవరికి, ఏ తేదీన, ఏ ఇంటికోసం ఇచ్చారో అడ్డంగా రాసి పంపండి.

క్లైన్‌అన్‌త్సైగెన్

2023 దాకా ఈబే పేరు తగిలించుకుని ఉన్న సైటు ఇదే. ఏజెంట్లు లేకుండా నేరుగా ఇచ్చే యజమానులు ఇందులో ఉన్నారు, ముఖ్యంగా చిన్న ఊళ్లలో. పరిశీలన తక్కువ కాబట్టి ఇల్లు వెతకడానికి దీన్ని మూడో స్థానంలోనే పెట్టాం. ఇల్లు దొరికాక మాత్రం దీనికి సాటి లేదు. కారణం వంటగది.

ప్రకటనలో ఈబీకే (బిగించి ఉన్న వంటగది) అన్న అక్షరాలు లేకపోతే చాలావరకు ఆ ఇంట్లో వంటగది ఉండదు. అంటే నాలుగు గోడలు, గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ల పైపులు, కింద స్టవ్ కోసం ఒక కరెంటు డబ్బా. సింకు లేదు, గట్టు లేదు, అలమర్లు లేవు. చాలా ఇళ్లలో లైట్లు కూడా ఉండవు, సీలింగ్ నుంచి వైర్లు వేలాడుతుంటాయి. ఖాళీ చేసేవాళ్లు తమ వంటగదిని కొత్తగా వచ్చేవాళ్లకు అమ్మడం మామూలే, దాని ధరను ఆబ్‌లోజె అంటారు. పాతబడిన గట్టుకూ స్టవ్‌కూ కొత్త సామాను ధర అడిగితే తగ్గించమనండి. పాత బిల్లు చూపించమని అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు.

క్లైన్‌అన్‌త్సైగెన్‌లో వాడిన వంటగది కొనేటప్పుడు ముందు గోడల కొలత తీసుకోండి. గట్టు లోతు, స్టవ్ వెడల్పు సాధారణంగా 60 సెంటీమీటర్లు. డిష్‌వాషర్ 45 అయినా 60 అయినా ఉంటుంది, ఆ తేడా చూడక కొన్నవాళ్లకు అలమర చోటు తప్పుతుంది. సింకు ఎడమవైపా కుడివైపా అన్నది మీ గోడలో పైపు ఎక్కడుందో దాన్నిబట్టి చూడాలి. ధర పక్కన వీబీ అంటే బేరం ఆడవచ్చు. నూర్ ఆబ్‌హోలుంగ్ అంటే మీరే వచ్చి విప్పుకుని తీసుకెళ్లాలి, వ్యాను అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

స్టవ్ కనెక్షన్ మాత్రం మీ చేత్తో పెట్టుకోకండి. గోడలోని ఆ డబ్బాలో ఉండేది మామూలుగా త్రీ ఫేజ్, 400 వోల్టులు. ఎలక్ట్రీషియన్ బిగించి కాగితం ఇవ్వాలి. అది లేకుండా ఏదైనా కాలితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది.

ఇండక్షన్ స్టవ్ అయితే ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. సూట్‌కేసులో పెట్టే ముందు గిన్నె అడుగున అయస్కాంతం ఆనించండి, గట్టిగా అంటుకుంటేనే తీసుకురండి. సెరాన్ అనే నల్ల గాజు స్టవ్ మీద అల్యూమినియం పనిచేస్తుంది కానీ అడుగు చదునుగా ఉండాలి. గుండ్రని అడుగున్న మూకుడు రెండిటి మీదా దండగే. మిక్సీ గురించి బెంగ వద్దు, ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటే వేరు. మన మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉన్న అడాప్టర్ కొనండి, ప్రయాణాలకు అమ్మే రెండు పుల్లల అడాప్టర్ మిక్సీకి పనికిరాదు.

పొయ్యి మీది చిమ్నీ ఆబ్‌లుఫ్ట్ అయితే పొగ బయటికి పోతుంది. ఉమ్‌లుఫ్ట్ అయితే బొగ్గు ఫిల్టర్‌లోంచి మళ్లీ గదిలోకే వస్తుంది, ఇడ్లీ ఆవిరి అంతా గోడలకే. చలికాలంలో ఆ తడి చల్లటి మూలల్లో చేరి నల్లటి బూజు పడుతుంది. గాలి ఆడించలేదని యజమాని వాదిస్తాడు, డిపాజిట్‌లో కోస్తానంటాడు. రోజుకు రెండు మూడుసార్లు, వంట అయిన వెంటనే ఒకసారి, కిటికీలు బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. కిటికీని పైనుంచి కొద్దిగా వాల్చి రోజంతా వదిలేస్తే తడి పోదు సరికదా, చుట్టూ గోడ చల్లబడి అక్కడే బూజు మొదలవుతుంది. అయినా బూజు కనిపిస్తే ఫొటో తీసి ఆ వారమే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి.

సంతకం, కీలు, పోస్టు డబ్బా

కాంట్రాక్టులో ముందు వెతకాల్సిన మాట క్యుండిగుంగ్స్‌ఫెర్‌త్సిఖ్ట్. అది ఉంటే అన్నాళ్లూ ఖాళీ చేసే హక్కు వదులుకున్నట్టే, నాలుగేళ్ల దాకా పెట్టవచ్చు. వేరే నగరంలో ఉద్యోగం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఏడాదికి మించి ఒప్పుకోవద్దు. ష్టాఫెల్‌మీటె అంటే అద్దె ఏటా ఎంత పెరుగుతుందో ముందే రాసేశారు, ఇండెక్స్‌మీటె అంటే ధరల సూచీతో పాటు పెరుగుతుంది. ఖాళీ చేయడానికి మామూలు గడువు మూడు నెలలు. నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో, నెలలో మూడో పని దినంలోపు యజమానికి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఈమెయిల్ పంపితే నోటీసు ఇవ్వనట్టే, ఆ పొరపాటుకు ఇంకో నెల అద్దె పోతుంది.

డిపాజిట్‌ను మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు చట్టమిచ్చింది, మొదటిది అద్దె మొదలైనప్పుడు. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే ఆ మాటెత్తితే ఫైలు కిందికి పోతుంది. సంతకాలయ్యాక చెప్పండి.

కీలు తీసుకునేటప్పుడు ఊబర్‌గాబె ప్రోటోకోల్ రాస్తారు. గీతలు, పగిలిన టైలు, గోడ మరకలు అన్నీ అందులోకి ఎక్కించండి, ‘అది పర్లేదు, అందరికీ తెలిసిందే’ అన్నా సరే రాయించండి. కరెంటు, గ్యాస్, నీళ్ల మీటర్లు నంబరు కనిపించేలా ఫొటో తీయండి. కీలు ఎన్నో లెక్కపెట్టి రాయించండి. బిల్డింగ్ అంతటికీ ఒకే తాళాల వ్యవస్థ ఉంటే ఒక్క కీ పోయినా ఖర్చు వేలల్లోకి వెళ్లవచ్చు. హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ ఇన్సూరెన్స్ (మనవల్ల ఇతరులకు జరిగిన నష్టానికి కవరు) ఒంటరి మనిషికి ఏడాదికి వంద యూరోలలోపే దొరుకుతుంది, అద్దె ఇంటి కీలకు కవరు ఉందో లేదో చూసి తీసుకోండి. కరెంటు కంపెనీని దిగే ముందే ఎంచుకోండి. ఎంచుకోకపోతే ఆ ఊరి కంపెనీ కిందికి, సాధారణంగా ఎక్కువ ధరకు వెళ్తారు. 2025 జూన్ నుంచి వెనక తేదీతో నమోదు చేయించుకునే వీలూ పోయింది.

ఆన్‌మెల్డుంగ్ అయిన కొద్ది వారాలకు టీవీ, రేడియో రుసుము ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి. ఇంటికి ఒక్కటే కాబట్టి వేగేలో ఒకరు కడుతుంటే వాళ్ల నంబరు రాసి పంపితే చాలు.

టాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు అన్నీ వచ్చేది పోస్టులోనే. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్ వాటిని వెనక్కి పంపేస్తాడు, ఇక్కడ ఫ్లాట్ నంబరు చూసి వేయరు. దిగిన రోజే కాలింగ్ బెల్ మీదా డబ్బా మీదా పేరు అంటించండి, యజమాని ప్లేటు చేయించేదాకా టేపుతో కాగితమైనా సరే. ఇంకొకరి ఇంట్లో గది తీసుకుంటే వాళ్ల పేరు కింద మీది. మన ఇంటిపేర్లు పొడుగు, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అందుకని పిలుపు పేరో పొట్టి చేసిన పేరో రాయకండి. ఆన్‌మెల్డుంగ్ కాగితం మీద ఎలా అచ్చయిందో అదే పేరు, అవే అక్షరాలు డబ్బా మీద ఉండాలి.